దుకాత్ దొంగదైతే పెళ్ళి

తాతల నాటి బంగారు నాణెం చేతికొచ్చినవాడు అది అసలుదే కావాలని కోరుకోవడం లోకసహజం. వుకోసావ్ మాత్రం తన ఇంట్లో ఉన్న దుకాత్ దొంగ నాణెం కావాలని మనసారా కోరుకున్నాడు. నమ్మకమున్న మనిషైతే చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి ఆ కోరిక తీర్చమని మొక్కుకునేవాడే. కానీ హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, దేవుణ్ణీ దయ్యాన్నీ ఒకే అరలో సర్దిన మనిషి ఎవరికని మొక్కుకుంటాడు? అందుకని ఆయన తక్కెడను నమ్ముకున్నాడు.

ఈ కోరికకు కారణం స్తామెనా.

స్తామెనా ఆ ఊళ్ళో మందుల దుకాణాన్ని ముప్ఫై ఏళ్ళు నడిపి, భర్త పోయాక అన్న గ్వోజ్డెన్ ఇంటికి చేరుకుంది. వుకోసావ్ భార్య పోయి కూడా చాలా కాలమైంది. ఇద్దరూ సాయంత్రాలు వాగు వెంట నడుస్తూ, ఒకరి రక్తపోటు గురించి ఒకరు వాకబు చేసుకుంటూ, ఆ వయసువాళ్ళు అటు పోరని లోకం అనుకునే వైపుకే మెల్లగా పోయారు. వేసవి చివర్లో ఒకనాడు వుకోసావ్ పెళ్ళి మాట ఎత్తాడు. స్తామెనా నవ్వలేదు, సిగ్గుపడలేదు. ఆగి, గొడుగు కొన నేలకు పొడిచి నిలబడింది.

"మనం కూమ్‌లం కదా," అంది.

ఆ మాటకు అర్థం ఏమిటో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బాప్తిస్మం రోజున బిడ్డను చేతుల్లో పట్టుకుని పేరు పెట్టేవాడు కూమ్. ఆ వరస ఆ ఒక్కడితో పోదు, రెండు ఇళ్ళను తరతరాలపాటు కట్టి ఉంచుతుంది. అన్నదమ్ములతో కోర్టుకెక్కవచ్చుగానీ కూమ్ మీద గొంతు పెంచకూడదు. కూమ్‌ల ఇళ్ళ మధ్య పెళ్ళంటే తోబుట్టువుల మధ్య పెళ్ళితో సమానం. స్తామెనా ముత్తాత సిబిన్, తురకలతో యుద్ధం ముగిసిన ఏడు, వుకోసావ్ తాతను ఎత్తుకుని పేరు పెట్టాడు. అప్పటినుంచీ ఆ రెండు ఇళ్ళూ కూమ్ ఇళ్ళే.

"నేను ఇలాంటివి నమ్మనని నీకు తెలుసు," అన్నాడు వుకోసావ్. "నువ్వూ చదువుకున్నదానివే."

"నమ్మకపోతే భయపడకూడదా? దయ్యం లేదని తెలిసే నేను రోజూ పడుకునే ముందు మంచం కిందకి చూస్తాను."

"ఫాదర్ తెయోఫాన్‌ని అడిగాను. బాప్తిస్మంలో నువ్వు నన్నెత్తుకోలేదు, నేను నిన్నెత్తుకోలేదు, చర్చికి ఏ అభ్యంతరమూ లేదన్నాడు."

"ఆయనకేం తెలుసు? నోవీ సాద్ పట్నం నుంచి వచ్చినవాడు."

"వచ్చి పదిహేనేళ్ళు దాటింది."

"అదే అంటున్నా. మొన్న మొన్న వచ్చినవాడు." స్తామెనా రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "ఒక్క దారి ఉంది. సిబిన్ ముత్తాత ఆ రోజు మీ తాతకు కానుకగా పెట్టిన దుకాత్ మీ ఇంట్లోనే ఉంది కదా? ఆ తర్వాత మా వాళ్ళు మీ ఇంటికి ఎన్ని బాప్తిస్మాలకొచ్చినా చొక్కా గుడ్డ తప్ప ఏమీ పెట్టలేదు. దుకాత్ ఒకసారే పెడతారు, బంధమంతా దానిమీదే నిలబడుతుందని మా నాయనమ్మ అంటుండేది. మరి అది దొంగదైతే?"

"అయితే?"

"బంధమూ దొంగదే. మనం ఊరికే ముఖపరిచయం ఉన్నవాళ్ళమవుతాం. నువ్వు అది దొంగదని తేల్చు, మర్నాడే రిజిస్ట్రారు దగ్గరికొస్తా."

వుకోసావ్ ఆ వాదాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. పునాది పూర్తిగా అర్థరహితం. దానిమీద కట్టిన తర్కంలో మాత్రం ఒక్క పగులూ లేదు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో అంత చక్కటి నిగమనాన్ని ఏ విద్యార్థీ ఆయనకు చూపించలేదు. ఆ క్షణంలో ఆమె మీద ఆయనకున్న ప్రేమ ఇంకాస్త పెరిగింది.

ఇంటికి వెళ్ళి, నారగుడ్డలో చుట్టి ఉన్న దుకాత్‌ను తీసి దీపం కింద పెట్టాడు. పెద్ద దుకాత్, అరచేతి గుంట నిండేంత. దాని మీది ఆస్ట్రియా చక్రవర్తి, బుగ్గమీసాలు ఒకవైపు అరిగిపోయి, సగం గడ్డం గీసుకుని మంగలి దగ్గర్నుంచి లేచి వచ్చేసినవాడిలా ఉన్నాడు. అంచు దగ్గర రంగు కాస్త ఎర్రగా కనబడింది. రాగి ఎక్కువైందేమో! వుకోసావ్‌కు ఆశ కలిగింది.

బడి నుంచి తక్కెడ అరువు తెచ్చుకున్నాడు. అంతే, సాయంత్రానికల్లా సంగతి ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే గ్వోజ్డెన్ గేటు దగ్గర నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు. అంటే కోపంగా ఉన్నాడన్నమాట.

"కూమూ, నా మీద కోపముంటే నా మొహం మీదే అను. మా సిబిన్ ముత్తాత సమాధిలో ఉన్నాడు. లేచొచ్చి నీకు జవాబు చెప్పలేడు."

"కోపమేమీ లేదు గ్వోజ్డెన్. కొలుద్దామని, అంతే."

"కూమ్ పెట్టింది కొలుస్తారటయ్యా ఎక్కడైనా? ఇవాళ దుకాత్ తూస్తావు, రేపు మా ఇంటి సూప్‌లో ఉప్పు తూస్తావు."

"తూస్తే మంచిదే. నీకు బీపీ ఉంది."

గ్వోజ్డెన్ గేటు మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "నాకంతా తెలుసులే. స్తామెనా చెప్పింది. నువ్వు నాకు బావవైతే నేను కాదంటానా? రెండు పందుల్ని కోసి ఊరంతా పిలిచి భోజనం పెట్టేవాణ్ణి. ఏం చేస్తాం, కూమ్‌వైపోయావు. దానికోసం మా ముత్తాతను దొంగను చేస్తావా?"

"దొంగను చెయ్యను. దొంగో కాదో కనుక్కుంటాను."

"సరే, కనుక్కో. కానీ నా వాకిట్లో, నా కళ్ళముందు, ఫాదర్ సాక్షిగా. అసలుదని తేలితే ఆ వాకిట్లోనే మోకాళ్ళ మీద కూర్చుని మా ముత్తాతకు క్షమాపణ చెప్పుకోవాలి."

"దొంగదని తేలితే?"

"తేలదు," అని గ్వోజ్డెన్ వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజుకు గ్వోజ్డెన్ వాకిట్లో రాకియా సారా కాచే బట్టీ పెట్టారు. రేగుపళ్ళలా కాక అరచేతిలో మెత్తగా నలిగే నీలం ప్లమ్ పళ్ళు పీపాల్లో పులిసి సిద్ధంగా ఉన్నాయి, వాటిని ఎవరి పెళ్ళి కోసమూ ఆపడం కుదరదు. రాగి బాన కింద మంట, గొట్టం చివర సన్నటి ధార, వాకిలంతా ఘాటైన వాసన. కుక్క కూడా తూలుతున్నట్టే నడుస్తోంది. బల్ల మీద ఒకపక్క మీగడ గిన్నె, మొక్కజొన్న రొట్టె, కాల్చిన మిరపకాయల పచ్చడి. ఇంకోపక్క తక్కెడ, పట్టుదారం, గాజు పాత్ర. మధ్యలో తెల్లటి చేతిరుమాలు మీద దుకాత్, కోర్టులో ముద్దాయిలాగా.

ఫాదర్ తెయోఫాన్ కుర్చీ లాక్కుని గ్లాసు అందుకున్నాడు. "సాక్షి గొంతు తడిగా ఉండాలి," అన్నాడు.

"ముందు మా పద్ధతి," అని గ్వోజ్డెన్ దుకాత్‌ను పళ్ళ మధ్య పెట్టి బలంగా కొరికాడు. తర్వాత దాన్ని వుకోసావ్ ముక్కు ముందుకు తోశాడు. "గాటు పడిందా? మెత్తగా లేదూ? బంగారం కాక మరేంటి?"

వుకోసావ్ భూతద్దంతో నాణేన్ని చూశాడు, తర్వాత గ్వోజ్డెన్ నోట్లోకి చూశాడు. "గాటు నీ కట్టుడు పళ్ళకి పడింది."

తర్వాత అయస్కాంతం. దుకాత్ కదల్లేదు. గ్వోజ్డెన్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "అంటుకోలేదు! చూశారా ఫాదర్, ఇనుము కాదు!"

"ఇత్తడి కూడా అంటుకోదు. నీ బొత్తాం కూడా అంటుకోదు," అన్నాడు వుకోసావ్. "ఇప్పుడు అసలు పరీక్ష. నాణేన్ని గాలిలో తూస్తాను. దారానికి కట్టి నీళ్ళలో ముంచి మళ్ళీ తూస్తాను. ఎంత తగ్గిందో చూస్తే అది నీళ్ళకన్నా ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది. ఇత్తడైతే ఎనిమిది రెట్లు. సీసమైతే పదకొండు. దుకాత్ బంగారమైతే పందొమ్మిది. ఇందులో నా మాటా లేదు, నీ మాటా లేదు."

"పందొమ్మిది," అని గ్వోజ్డెన్ ఫాదర్‌కి చెప్పాడు, ఎక్కడ మరిచిపోతాడోనని.

స్తామెనా ఇంట్లోంచి మూత బిగించిన సీసా తెచ్చి గాజు పాత్ర నింపింది. అన్న ముందు ఆమె వుకోసావ్‌ను మీరు అనే పిలుస్తుంది. "తీసుకోండి కూమ్ గారూ."

"శుభ్రమైనవేనా?"

"ఇంతకన్నా శుభ్రమైనది ఈ ఇంట్లో లేదు."

వుకోసావ్ తూచాడు. ముంచాడు. మళ్ళీ తూచాడు. కాగితం మీద భాగించి, కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచీ మళ్ళీ చేశాడు. మూడోసారి చేసేసరికి గ్వోజ్డెన్ మీసం కొన నోట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమైంది మాస్టారూ?" అన్నాడు ఫాదర్.

"ఇరవై దాటింది. ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య వస్తోంది."

"అంటే బంగారం కన్నా ఎక్కువా?" గ్వోజ్డెన్ కుర్చీ మీంచి లేచాడు. "పందొమ్మిది ఉంటే చాలన్నావుగా! మా ముత్తాత ఇరవై పెట్టాడు! బంగారం కన్నా మంచి బంగారం పెట్టాడు మీకు! కూర్చో మోకాళ్ళ మీద!"

"బంగారం కన్నా మంచి బంగారం ఉండదు గ్వోజ్డెన్. బంగారం కన్నా బరువైన లోహం ఉంటుంది. ప్లాటినం." వుకోసావ్ గొంతు వణికింది. సంతోషం వల్ల అని ఆయనకు తెలుసు. విషాదమని మిగతావాళ్ళు అనుకుంటే అనుకోనిమ్మని ఊరుకున్నాడు. "ఆ రోజుల్లో ప్లాటినం చాలా చవక. దానికి బంగారుపూత పూసి నాణేలు కొట్టి అమ్మినవాళ్ళున్నారు. ఇది దొంగ దుకాత్."

గ్వోజ్డెన్ టోపీ తీశాడు. ఈసారి మర్యాద కోసం కాదు, తల మీద దాని బరువు మొయ్యలేక.

"మంట ఆర్పెయ్యి స్తామెనా," అన్నాడు. "దొంగల ఇంట్లో రాకియా కాయకూడదు."

"అన్నయ్యా, సగం పీపా ఉంది ఇంకా."

"ఫాదర్, సమాధి రాయి మీద 'నిజాయితీపరుడు' అని చెక్కించారు మా వాళ్ళు. చెరిపించాలా?"

"తొందరపడకు. రాయి చెక్కేవాడు అక్షరానికింత అని అడుగుతాడు," అన్నాడు ఫాదర్ తెయోఫాన్. ఓదార్పు మాటలు ఆయనకు అప్పటికప్పుడు అంతకన్నా తట్టలేదు.

గ్వోజ్డెన్ చటుక్కున తల ఎత్తాడు. "రేపే పై తోట అమ్మేస్తా. అసలు దుకాత్ కొంటా. వుకోసావ్, నీ చేతిలో నేనే పెడతా. తెగిపోయిన బంధం మళ్ళీ కట్టేద్దాం!"

"వద్దు!" అని ఇద్దరు ఒకేసారి అరిచారు. ఒకరు వుకోసావ్, ఇంకొకరు స్తామెనా.

ఆ అరుపుకి వుకోసావ్ గొంతు ఎండిపోయింది. చేతికందిన గాజు పాత్ర ఎత్తి గటగటా రెండు గుక్కలు మింగాడు.

అన్ననాళం పొడుగునా నిప్పు దిగింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ ఘాటు కడుపులోకి చేరేలోగా ఆయన తలలో లెక్క పూర్తయింది. రాకియా నీళ్ళకన్నా తేలిక. తేలికైన ద్రవంలో ముంచి, దాన్ని నీళ్ళనుకుని భాగిస్తే, జవాబు ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ఎంత ఎక్కువ? గ్వోజ్డెన్ కాచే సరుకు ఎంత గట్టిదో ఊరికంతటికీ తెలుసు. ఆ తేడా తీసేస్తే మిగిలేది పందొమ్మిది. చక్కటి, నిండైన, ఏ వంకా లేని పందొమ్మిది.

ఆయన స్తామెనా వైపు చూశాడు. ఆమె మిరపకాయల పచ్చడిని అవసరం లేకుండా కలుపుతోంది.

"కట్టెలు తెస్తా," అని ఆమె ఇంటి వెనక్కి నడిచింది. "సాయం చేస్తా," అని వుకోసావ్ ఆమె వెనకే వెళ్ళాడు.

కట్టెల మోపు దగ్గర ఆమె 'మీరు' వదిలేసింది. "మింగేశావుగా? ఇక ఊరుకో."

"నువ్వేనా పోసింది?"

"మరి కుక్క పోసిందా? ముప్ఫై ఏళ్ళు స్పిరిట్ కొలిచి అమ్మినదాన్ని. ఎంత ఘాటుకి ఎంత తేడా వస్తుందో ముందే చూసుకుని పోశా. క్యాబేజీ ఊరబెట్టిన ఉప్పునీళ్ళు పోయాలనుకున్నా మొదట, నాణెం తేలికని తేలేది. కానీ ఆరాక తెల్లగా ఉప్పు కడుతుంది, నువ్వు పట్టేస్తావు."

అంత దూరం ఆలోచించినందుకు వుకోసావ్ మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. "రాకియా మింగాను స్తామెనా. లెక్క మింగుడుపడటం లేదు."

"చచ్చి వందేళ్ళయినవాడికి ఇప్పుడేమవుతుంది? నువ్వేగా అంటావు, పోయాక ఏమీ ఉండదని."

"ఆయనకేమీ కాదు. ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన దొంగ కాదు. అదిగో అక్కడ కూర్చున్నవాడు బతికే ఉన్నాడు."

మోపు పక్కనుంచి వాకిలి కనబడుతోంది. గ్వోజ్డెన్ మోకాళ్ళ మధ్య టోపీ పెట్టుకుని, మంట ఆరని బట్టీ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. తాను కాచిన రాకియా ధార వైపు ఆ మనిషి చూడకపోవడం వుకోసావ్ మొదటిసారి చూస్తున్నాడు.

"ఒక్క మాట చెప్పు," అంది స్తామెనా. "నేను కావాలా, పందొమ్మిది కావాలా?"

వుకోసావ్ మోపులోంచి ఒక కట్టె ఎత్తి చేతిలో బరువు చూశాడు. ఆమె కావాలి. ఆ విషయంలో రెండో కొలత అవసరం లేదు. కానీ రోజూ పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, బల్లకు అటువైపు కూర్చున్న ఆమెను చూసి, ఇరవై చిల్లర అని తాను గుర్తు చేసుకోబోతున్నట్టు ఆయనకు స్పష్టంగా కనబడింది.

"ఇద్దరూ కావాలి," అన్నాడు చివరికి.

"ఇద్దరితో కుదరదు. పో. నీ పందొమ్మిదితోనే కాపురం చేసుకో," అని స్తామెనా కట్టెలన్నీ ఆయన చేతుల్లో కుమ్మరించింది.

ఆయన కట్టెలతోనే వాకిట్లోకి వచ్చి, అవి దించకుండానే చెప్పాడు: "పొరపాటు జరిగింది. పాత్రలో ఉన్నవి నీళ్ళు కాదు." ఎవరు పోశారో చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ ఇంట్లో రంగులేని సీసాలో నీళ్ళు ఉండటమే వింత. ఫాదర్ తెయోఫాన్ గాజు పాత్రలోంచి రుచి చూసి నీళ్ళు కావని ధ్రువీకరించాడు. సాక్ష్యంలో తేడా రాకూడదని ఇంకోసారి కూడా చూశాడు. బావి నీళ్ళు తోడి తెచ్చారు. వుకోసావ్ తూచాడు, ముంచాడు, భాగించాడు. మూడుసార్లూ పందొమ్మిదే వచ్చింది.

తర్వాత, మాట ఇచ్చాడు కనుక, ప్లమ్ పిప్పి పరుచుకున్న ఆ నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. వినే చెవులు లేని మనిషితో, ఎక్కడా లేని మనిషితో, నోరారా ఇలా అన్నాడు: "సిబిన్ గారూ, నా కొలత తప్పు. మీ దుకాత్ ఒప్పు." జీవితంలో అంత అహేతుకమైన వాక్యం ఆయన పలకలేదు. పలికాక చూస్తే, అందులోని ప్రతి ముక్కా నిజమే.

గ్వోజ్డెన్ ఆయన్ను చంకల కింద చేతులేసి పైకి లేపి, బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి, ఏడ్చి, నవ్వి, గ్లాసులు నింపాడు. తాగాక గొంతు ఇంటి కప్పు దాటింది.

"కూమ్! నికార్సయిన కూమ్! ఇవాళ్టినుంచి ఎవడైనా అనుమానించనీ చూస్తా! మీ ఇంట్లో మాకూ, మా ఇంట్లో మీకూ తలుపు మూసే హక్కు ఎవడికీ లేదు. కూమ్ వస్తే ముందు గది ఆయనది, మెత్తటి పరుపు ఆయనది. ఎందుకొచ్చావని అడక్కూడదు. ఎప్పుడెళ్తావని అడిగినవాడి నాలుక తెగిపడాలి!"

"ఆమెన్," అన్నాడు ఫాదర్.

పళ్ళెం తుడుస్తున్న స్తామెనా చెయ్యి ఆగింది. పళ్ళెం బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటికి కోటు తొడుక్కుని, ఒక చేత్తో గోధుమరంగు పెట్టె, ఇంకో చంకలో రక్తపోటు చూసే యంత్రం, దాని మీద ఉన్ని చెప్పులు పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికే?" అన్నాడు గ్వోజ్డెన్.

"కూమ్ ఇంటికి. పలకరించి చాలా రోజులైంది."

"పలకరించడానికి పెట్టె దేనికి?"

"చలికాలం వస్తోంది కదా అన్నయ్యా."

గ్వోజ్డెన్‌కి మెల్లగా అర్థమైంది. మొదట చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. "మరి ఎప్పుడు..." అని నోరు తెరిచి, అక్కడే ఆగిపోయాడు.

"అడుగు, అడుగు," అంది స్తామెనా. "అడిగినవాడికి ఏమవ్వాలన్నావు ఇందాక?"

గ్వోజ్డెన్ ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ తన గ్లాసు అడుగున ఏదో వెతుక్కున్నాడు. "కూమ్ విషయంలో మీ ఊరి ఆచారం నాకంత తెలియదు," అన్నాడు. "నోవీ సాద్ నుంచి వచ్చినవాణ్ణి."

"వుకోసావ్," అన్నాడు గ్వోజ్డెన్ నీరసంగా, "ఆ దుకాత్‌ను ఇంకొక్కసారి తూస్తే?"

"తూచాం కదా. అసలుదే," అని వుకోసావ్ దుకాత్‌ను రుమాలులో చుట్టి జేబులో వేసుకుని, పెట్టె అందుకున్నాడు. అది చాలా బరువుగా ఉంది. అందులో ఏముందని ఆయన అడగలేదు. వాగు దాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు. వంతెన దగ్గర మాత్రం, "పందొమ్మిదిని ముందు గదిలో పడుకోబెట్టు. నాకు వెనక గది చాలు," అంది. అప్పుడు ఆయనకు ఊపిరాడింది.

ఊరు ఏమీ అనలేకపోయింది. కూమ్ ఇంట్లో కూమ్ ఉంటే తప్పు పట్టేవాడిదే తప్పవుతుంది. మొదటి మంచు పడ్డాక గ్వోజ్డెన్ రాకియా సీసాతో చూడటానికొచ్చాడు. టోపీ తీసి, పొయ్యి పక్కన కూర్చుని, అక్కడ ఆరుతున్న చెల్లెలి ఉన్ని చెప్పుల వంక చాలాసేపు చూశాడు. ఏదో అడగబోయి, నాలుకను కట్టుడు పళ్ళ వెనక భద్రంగా దాచుకున్నాడు.

"చలి బాగా ఉంది," అన్నాడు చివరికి.

"ఇంకా పెరుగుతుంది అన్నయ్యా," అంది స్తామెనా, కాఫీ పోస్తూ.